ఊకతో పూడ్చిన బావి

మూడో బావి ఎంత పోసినా నిండలేదు.

మొదటి రెండు బావులు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఒకటి నలభై అడుగులు, ఇంకొకటి డెబ్భై. గని నడిచిన రోజుల్లో తవ్వి పారేసిన రాళ్ళనే తిరిగి వాటిలో పోసి, పైన మట్టి వేసి దిమ్మిస కొట్టించారు. మూడోదాని లోతు నూట ఎనభై. అడుగున సొరంగాలు నాలుగు దిక్కులా పోయి ఉన్నాయి. రాగి కలిసి పచ్చబడ్డ నీళ్ళు సగం దాకా నిలిచి ఉన్నాయి. బండెడు రాళ్ళు దొర్లిస్తే కింద ఎక్కడో ఒక్క చప్పుడు వచ్చేది. అంతే. మర్నాడు చూస్తే నీళ్ళు ఎక్కడున్నవి అక్కడే ఉండేవి.

దామరచర్లకు ఆరు మైళ్ళ దూరంలోని ఆ రాగి గని 1957లో మొదలై 1965లో మూతపడింది. కంపెనీవాళ్ళు యంత్రాలు విప్పుకొని పోయారు. గడ్డి కూడా మొలవని రాళ్ళ దిబ్బలు, నోరు తెరిచిన మూడు బావులు మిగిలాయి. ఏడాదిలో పది మేకలు, ఒక బర్రె ఆ బావుల్లో పడి చచ్చాయి. బావులు పూడ్చి, దిబ్బలు చదును చేసి, మంచి మట్టి పరిచి, గట్ల వెంట కానుగ మొక్కలు నాటే కాంట్రాక్టు మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని విశ్వేశ్వర్ సేటుకు దక్కింది. మేస్త్రీ దీప్లా. గని పక్క తండావాడే. గని నడిచినప్పుడు లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టింది అతనే.

దీప్లాకు ఆ పనిలో కూలి కన్నా పెద్ద ఆశ ఉంది. గని కోసం పోయిన భూమి తండాదే. ఇరవై రెండు ఇళ్ళ భూమి. బావులు పూడ్చినట్టు ప్రభుత్వ తనిఖీ అధికారి సంతకం పెడితే అది మళ్ళీ తండా పేరున పట్టా అవుతుంది. సంతకం లేకపోతే లేదు. తొమ్మిదేళ్ళుగా తండా మగవాళ్ళు మేళ్లచెరువు సున్నపు రాళ్ళ గుట్టల మీద కూలి చేసుకుంటున్నారు.

1966 జూన్ మొదటివారంలో సేటు జీపు దిగి మూడో బావిలోకి తొంగి చూశాడు.

"ఇంకెన్ని బండ్లు మింగుతది ఇది?"

"సొరంగాలు నిండాలె సేటూ. ఇంకో నాలుగు నెలలు."

"నాలుగు నెలలు ఎవరిస్తరు? వచ్చే నెల సారు వస్తుండు. పని కాలేదంటే కాంట్రాక్టు ఖతం. మళ్ళ టెండరు పిలవాలె, ఇంకొకడు రావాలె, రెండేండ్లు. మీ భూమి అప్పటిదాంక గిట్లనే పడి ఉంటది." సేటు బావి గోడల వైపు వేలు చూపించాడు. "నువ్వు దుంగల పనోనివి గదా. పదడుగుల కింద తాటి మొద్దులు అడ్డం పెడితే ఆగవా?"

"మొద్దులు ఆగుతయ్. మీద రాళ్ళు, మట్టి నింపితే ఇరుగుతయ్."

"అయితే బరువు లేనిది నింపుదాం."

బరువు లేనిది సేటు మిల్లు వెనక ఇంటెత్తు గుట్టగా పడి ఉంది. ఊక.

తండా మగవాళ్ళు గుట్టల మీద ఉన్నారు. ఆడవాళ్ళు రాకుండా బావి చుట్టూ తడికలు కట్టించారు. కోదాడ అవతలి నుంచి వచ్చిన ముగ్గురు కూలీలు బావి గోడల్లో గూళ్ళు కొట్టి రెండు వరసల తాటి మొద్దులు దించారు. వాటి మీద ఎనిమిది అడుగులు ఊక బస్తాలు. ఆపైన రెండడుగుల ఎర్రమట్టి. అయిదో రోజుకు కూలీలు వాళ్ళ ఊరికి వెళ్ళిపోయారు. సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు.

జులైలో వానలు పడ్డాయి.

మూడో వాన వెలిసిన రోజు దీప్లా ఎవరూ లేనిది చూసి గడ్డపారతో మట్టిలో చిన్న బొక్క చేశాడు. గడ్డపార కొనకు అంటుకొని వచ్చిన ఊక నీళ్ళు కారుతోంది. పొడి ఊక బస్తాను ఒక్క చేత్తో లేపవచ్చు. తడిసిన బస్తాను ఇద్దరు కలిసి మోయలేరు. అక్కడ కింద నాలుగు వందల బస్తాలున్నాయి. అతను బొక్క పూడ్చి, కాలితో తొక్కి, ఇంటికి వెళ్ళిపోయాడు.

తనిఖీ అధికారి నర్సింగరావు సోమవారం పొద్దున వచ్చాడు. కోదాడ మనిషి. బక్కపలచగా ఉంటాడు, చూపు మాత్రం సూది. మొదటి రెండు బావుల దగ్గర ఇనప కడ్డీ దింపించాడు. రాయి తగిలింది, రాసుకున్నాడు. మూడో బావి దగ్గర కడ్డీ దింపమనలేదు. నేల వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"చుట్టూ నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇక్కడ మాత్రం చుక్క లేదేమిటి?"

"వాలుగ చదును చేసినం సార్," అన్నాడు సేటు.

"వాలు నాకు కనపడటం లేదు. ఇక్కడ కడ్డీ చాలదు. రాళ్ళ లారీ ఒకటి తెప్పించండి. దీని మీద నిలిపి చూస్తాను."

"ఈ బురదల లారీ ఎట్ల వస్తది సార్?"

"రాకపోతే నవంబర్లో చూద్దాం. నేల ఆరాక."

నవంబరంటే కాంట్రాక్టు గడువు దాటిపోతుంది. తండా నాయక్ బాల్యా అక్కడే చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ళవాడు. అతని మొహం వాడిపోయింది. సేటు ఆ మొహం వైపు చూశాడు, తర్వాత దూరంగా మేస్తున్న తండా పశువుల వైపు చూశాడు.

"బరువంటే లారీయే కావాల్నా సార్? రేపు మంగళవారం. వీళ్ళ దాటుడు పండుగ. తండాల ఉన్న పశువులన్నీ ఒక్క చోటనే దాటుతయ్. నూటిరవై తలకాయలు. ఏం నాయక్, ఈసారి పండుగ గీడ చేసుకుంటే తప్పా?"

బాల్యాకు ప్రాణం లేచి వచ్చింది. "తప్పేముంది సేటూ. చదునుగ, ముండ్లు లేకుంట మంచిగున్నది. సారు కూడ సూసినట్టుంటది."

నర్సింగరావు వెంటనే ఒప్పుకోలేదు. దీప్లా వైపు తిరిగాడు. "నువ్వు తండావాడివే కదయ్యా. నీ చేత్తో పూడ్చావు. మీ పశువులు, మీ మనుషులు దీని మీద నడుస్తారు. భయం లేదు కదా?"

బాల్యా చూస్తున్నాడు. సేటు చూడటం లేదు, జేబులో వక్కపొడి వెతుక్కుంటున్నాడు.

"లేదు సార్," అన్నాడు దీప్లా.

జీపు కదిలాక సేటును పట్టుకున్నాడు. "మొద్దులు మట్టి కోసం ఏసిన సేటూ. మంద కోసం కాదు. ఊక నానింది."

"గా మాట సారు అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?" సేటు వక్కపొడి నోట్లో వేసుకున్నాడు. "ఇప్పుడన్న పో. కోదాడ బస్సు ఇంకా పోలేదు. చెప్పినంక ఇద్దరం జైలుకు పోతం. నేను వారంల వస్త. నువ్వు రావు. మీ భూమి కూడ రాదు. ఇరవై రెండిండ్లోల్లు నిన్ను ఏం చేస్తరో నాకు తెల్వదు."

దీప్లా బస్సెక్కలేదు. పొద్దు గుంకుతుండగా ఇంటికి వచ్చి భార్య సాలితో అన్నాడు.

"పొద్దుగాల్నే పశువులను తోలుకొని మీ అవ్వగారింటికి పో."

సాలి రొట్టె కాలుస్తోంది. "రేపు పండుగ పెట్టుకొని?"

"మీ అవ్వకు పానం బాగలేదంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"సంతల ఎవరో చెప్పిండ్రు."

"నిన్న సంతల మా తమ్ముడే కలిసె. అవ్వ జొన్న కలుపు తీస్తున్నదన్నడు." సాలి రొట్టె తిరగేసింది. "ఏందో దాస్తున్నవ్. నాకు చెప్పరాదా?"

ఆమెకు చెప్తే పొయ్యి ఆరేలోపు తండా అంతా తెలుస్తుంది. సాలి మనసులో మాట ఆగదు. దీప్లాకు ఆమెలో మొదట నచ్చింది కూడా అదే. "పొమ్మంటే పో. అన్నింటికి అడుగుతవ్," అని కసిరి బయటికి వెళ్ళాడు. తెల్లవారే సరికి సాలి, రెండు ఎడ్లు, పాలావు దామరచర్ల తోవ పట్టాయి.

మంగళవారం పది గంటలకు మూడో బావి నేల మీద ఏడు రాళ్ళు వరసగా నిలిపారు. సీత్లా దేవి, ఆమె అక్కచెల్లెళ్ళు. పసుపు పూసి, జేగురు బొట్లు పెట్టారు. ఎదురుగా పది అడుగుల దూరంలో ఒంటరిగా ఇంకో రాయి, వాళ్ళ కాపలాదారు. ఆ మధ్యలో మేకను కోసి, రక్తం మీదుగా పశువులను దాటిస్తారు. దాటిన పశువుకు ఏడాదంతా గాలికుంటు రాదు, దొమ్మ రాదు. ఏడు రాళ్ళూ బావికి ఒక అంచున ఉన్నాయి, ఎనిమిదోది ఇంకో అంచున. పశువులు నడిచేది సరిగ్గా నడిమధ్య నుంచి.

"నాయక్, రాళ్ళను జర అటు జరుపుదాం," అన్నాడు దీప్లా. "గాడ ఇంకా చదునుగుంది."

"సారు చూసేది గీ నేలను. గాడ దాటి ఏం చేస్తం?"

"దేవి గీడ వద్దంటున్నది. రాత్రి కలల..."

తండాలో అందరికన్నా పెద్దది జమ్లీ. అందరికీ యాడీ, అంటే అమ్మ. పండుగ నడిపించేది ఆమే. పళ్ళు లేని నోటితో నవ్వింది. "దేవి నా కలలకు నలభై ఏండ్ల సంది రాలే. నీ కలలకు వచ్చిందా? పిండిన పాలు తాగి పడుకున్నవా, సారా తాగి పడుకున్నవా?"

అందరూ నవ్వారు. మేక తెగింది. రక్తం మడుగు కట్టలేదు, పోసినట్టే నేలలోకి ఇంకిపోయింది. దేవి తాగిందని ఆడవాళ్ళు కూత పెట్టారు.

నర్సింగరావు గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. సేటు కుర్చీ దానికి ఇరవై గజాలు వెనక, నల్ల బండ మీద వేయించుకున్నాడు.

జమ్లీ ఇల్లు ఇల్లుగా పశువులను లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఇరవై ఒకటి దగ్గర ఆగింది. "దీప్లా పశువులేవి?"

"సాలి తల్లిగారింటికి తోలుకపోయింది యాడీ. ముసలామెకు బాగలేదు."

"పండుగ నాడా?" జమ్లీ మొహంలో నవ్వు పోయింది. "ఒక్క ఇల్లు దాటకుంటే రోగం ఆ ఇంట్ల ఆగదు. మంద మందకే తగుల్తది. నీకు తెల్వదా? అందరు దాటేదాంక రాళ్ళు లేపేది లేదు. తోలుకరమ్మను."

దీప్లా నోరు తెరిచేలోపు బాల్యా ఇద్దరు పడుచువాళ్ళను సైకిళ్ళ మీద పంపేశాడు. సారు గడియారం చూస్తున్నాడు కాబట్టి మిగతావాళ్ళు మొదలుపెట్టవచ్చనీ, దీప్లా ఇల్లు చివర దాటవచ్చనీ జమ్లీ తీర్పు చెప్పింది.

మొదటి ఇంటి మంద కదిలింది. ఆరు పశువులు. ఆడవాళ్ళు చల్లే నానబెట్టిన జొన్నలు వాటి వీపుల మీద పడుతున్నాయి. దీప్లా చూపు నేల మీద నుంచి కదల్లేదు. నేల ఆగింది. రెండో ఇల్లు. ఆగింది. అయిదో ఇంటి ఎడ్లు బెదిరి ఒక్కసారిగా ఉరికినప్పుడు ఏడు రాళ్ళలో ఒకటి పక్కకు ఒరిగింది. జమ్లీ దాన్ని సరిచేసి పెట్టింది. పదకొండో ఇంటి చిన్నపిల్ల మేకపిల్లను చంకనెత్తుకొని దాటింది. పదిహేను. పద్దెనిమిది. మధ్యలో నేల పళ్ళెంలా కొంచెం గుంట పడింది. గిట్టలు పడితే గుంట పడదా అనుకున్నాడు. ఇరవై ఒకటో ఇల్లు బాల్యాది, పదమూడు పశువులు. అవి కూడా దాటాయి.

నర్సింగరావు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "సరే నాయక్, నాకు నమ్మకం కుదిరింది." జీపు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. సిరా ఆరేదాకా గాలికి ఊపాడు.

దీప్లా గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. నూటిరవై తలకాయలు దాటాయి. సంతకం అయిపోయింది. ఇక జీపు పోతే చాలు. సాలి వచ్చేలోపు పోతే చాలు.

"వాళ్ళు వస్తున్నట్టున్నారు," అన్నాడు నర్సింగరావు. "ఆ ఒక్క ఇల్లు కూడా చూసి బయల్దేరతాను."

సాలి సైకిళ్ళ వెనక పశువులను తోలుకుంటూ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "నడిమిట్ల తోవల నుంచి మర్లించిండ్రు. మా అవ్వకు రోగమన్నడు ఈయన. రోగం ఈయనకే ఉన్నట్టుంది," అని అందరికీ వినపడేలా అంది. ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

ఆవు రాళ్ళ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ముందుకాళ్ళు గుచ్చిపెట్టి వెనక్కి లాగింది. వెనక ఎడ్లు కూడా నిలిచాయి. సాలి పలుపు చేతికి చుట్టుకొని తానే ముందు నడవబోయింది.

"వద్దు," అన్నాడు దీప్లా. ఎప్పుడు అక్కడికి వచ్చాడో, ఆమె మోచెయ్యి పట్టుకొని ఉన్నాడు.

"ఎందుకు వద్దు?"

ఆమె గట్టిగానే అడిగింది. తండా అంతా చూస్తోంది. జీపు పక్కన నర్సింగరావు తలెత్తాడు. కాగితం ఇంకా అతని చేతిలోనే ఉంది.

"చెప్పు. ఎందుకు వద్దు?"

ఇరవై ఒక్క ఇళ్ళు దాటాయి. ఇంకో మూడు పశువులు, ఒక ఆడమనిషి. ఎంత బరువు.

దీప్లా చెయ్యి తీసేశాడు. "ఏం లేదు. పో."

సాలి అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఆవును ఈడ్చుకుంటూ అడుగు వేసింది. రెండు, మూడు, నాలుగు.

పెద్ద చప్పుడేం రాలేదు. కట్టె విరిగినట్టు ఒకటి, వెంటనే ఇంకొకటి. పన్నెండడుగుల నేల ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. సాలి అరవలేదు. అరిచింది ఆవు. ఆ అరుపు కిందికి పోతూ పోతూ నీళ్ళ చప్పుడుతో ఆగింది. ఎడ్లు రెండూ అంచు నుంచి వెనక్కి దూకి పారిపోయాయి. ఎవరూ కదలకముందే బావి గోడల నుంచి ఊడిన తడి ఊక బస్తాలు ఒకటి తర్వాత ఒకటి కిందికి రాలడం మొదలైంది. చాలాసేపు రాలాయి.

నర్సింగరావు అంచు దాకా వచ్చాడు. విరిగిన మొద్దుకు ఒక బస్తా చిరిగి వేలాడుతోంది. దాని మీద సేటు మిల్లు ముద్ర ఉంది. అతను కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

బాల్యా మాత్రం బావి వైపు చూడలేదు. దీప్లా దగ్గరికి వచ్చాడు. "నీకు ఎరికేనా?"

జమ్లీ జవాబిచ్చింది. "ఎరికుండబట్టే కదా వాని పశువులను పంపిండు. నా మనుమరాలు మేకపిల్లను ఎత్తుకొని దాటుతుంటే గుడ్లప్పగించి సూసిండు." ఆమె అతని మీద ఉమ్మలేదు, శపించలేదు. మనుమరాలి రెక్క పట్టుకొని తండా వైపు నడిచింది. మిగతావాళ్ళు ఆమె వెనక నడిచారు.

రెండు రోజులు పంపు పెట్టి నీళ్ళు తోడారు. మట్టం జానెడు కూడా తగ్గలేదు. శవం తీయడం కుదరదని, బావిని సేటు ఖర్చుతో అడుగు నుంచి రాళ్ళతోనే పూడ్చాలని, ఈసారి ప్రతి బండికీ తన మనిషి లెక్క రాస్తాడని నర్సింగరావు ఆర్డరు వేశాడు. తండాలో ఒక్కరు కూడా తట్ట పట్టలేదు. రాళ్ళు సేటు లారీల్లో వచ్చేవి. దొర్లించేది దీప్లా. మొదటి రాయి దొర్లించినప్పుడు కింద నీళ్ళ చప్పుడు వచ్చింది. రెండో రాయి ఎత్తడానికి అతనికి చాలాసేపు పట్టింది. లారీ డ్రైవరు హారను కొట్టాడు.

బావి నిండడానికి అయిదు నెలలు పట్టింది.

సేటు మీద కేసు సూర్యాపేట కోర్టుకు వచ్చింది. కూలీలు దొరకలేదు, ఊక ఎవరు నింపించారో చెప్పగల సాక్షి దీప్లా ఒక్కడే. కోర్టు బయట సేటు అతనికి చాయ్ ఇప్పించి పక్కన కూర్చున్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు, నేనేం అనుకోను. మొద్దులు ఎవరు దించిండ్రో అడుగుతరు, చెప్పు. ఆమె ఆగితే ఎవరు పొమ్మన్నరో కూడ అడుగుతరు. అదీ చెప్పు."

బోనులో నిలబడి దీప్లా బావి గోడ దానంతటదే కూలిందని చెప్పాడు. నర్సింగరావు చూసిన బస్తాలు అప్పటికే రాళ్ళ కింద ఉన్నాయి. కేసు కొట్టేశారు. సేటు మిల్లు ఆ ఏడు రెండో యంత్రం పెట్టుకుంది.

1968 ఎండాకాలంలో పట్టా కాగితం వచ్చింది. ఇరవై రెండు ఇళ్ళకూ కలిపి ఒకటే కాగితం. మొదటి ఏడే భూమంతా సాగులోకి రావాలి, ఎక్కడైనా బీడు కనపడితే మొత్తం రద్దు అని అందులో రాసి ఉంది. బాల్యా ఇంటి ముందు పంపకం జరిగింది. దీప్లాను పిలిచారు, దూరంగా కూర్చోబెట్టారు.

"మూడో బావి నేల ఎవరికి?" అని ఎవరో అడిగారు.

"అడిగేదేముంది," అంది జమ్లీ. "అండ్ల ఉన్నదాని మొగనికే."

ఎవరూ కాదనలేదు. దీప్లా కూడా కాదనలేదు.

తొలకరి పడ్డాక అతను రెండు ఎడ్లనూ కట్టి అరక దించాడు. నాలుగు అంచుల నుంచీ లోపలికి దున్నుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నానికి చేనంతా సాళ్ళు పడ్డాయి. నడుమ పన్నెండడుగుల చదరం మిగిలింది. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి అరక ఆపేశాడు.

గట్టు మీద బాల్యా, జమ్లీ, ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు. పొద్దుటి నుంచీ ఉన్నారు.

"నడుమ మిగిలింది దీప్లా," అన్నాడు బాల్యా. "రేపు పట్వారీ వస్తుండు."

దీప్లా ఎడ్ల పగ్గాలు చేతికి చుట్టుకున్నాడు. తర్వాత అరకను అటు తిప్పాడు.